పదో పేరు

జమ్మలమడుగు,
18-8-1958.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు రత్నమణి వందనాలతో రాస్తున్నది. ప్రభువు కృపవల్ల మేము ముగ్గురం బాగున్నాము. పులివెందులలో నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీ కార్డుకు జవాబు. నీ అల్లుడికి దగ్గు తగ్గింది. నువ్వు కుట్టి పంపిన చొక్కా బాబుకు కాస్త వదులు. వచ్చే ఏటికీ పనికొస్తుందని వాళ్ల నాన్నకు సంబరం. ఇక, పోయినసారి నువ్విక్కడ జ్వరపడితే జట్కా తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోయిన మా బడి ఉర్దూ పంతులు నూరుల్లా సారు సంగతి. "ఆ ఉర్దూ తరగతి ఎందుకు తీసేసినారు, ఆయప్పను యాడికి పంపినారు?" అని అడిగావు. పైవాళ్లు తీసేశారని రాశాను కదా, అది సగం నిజమే అమ్మా.

తరగతిలో పదిమంది ఉంటేనే ఉర్దూ పంతులును ఉంచుతారు. జూన్‌లో సరిగ్గా పదిమంది ఉన్నారు. నా తెలుగు తరగతిలోనేమో పిల్లలు తగ్గారు. నన్ను ఎక్కడికి మారుస్తారోనని భయం పట్టుకుంది. ఆ పదిమందిలో ఒకతె అయిన జైబున్నీసా వాళ్లమ్మ అఖ్తర్ బీ ఇంటికి పోయి, "హైస్కూల్లో అంతా తెలుగే. మీ జైబున్నీసాను నా దగ్గర చేర్చండి," అన్నాను. నా మాట నమ్మి చేర్చింది. నెల తిరక్కుండా నూరుల్లా సారును ప్రొద్దుటూరు పంపేశారు. మిగిలిన తొమ్మిదిమందీ నా తరగతిలోనే వచ్చి కూర్చున్నారు.

గలగలా మాట్లాడే జైబున్నీసా నా దగ్గర నోరు విప్పేది కాదు. ఒకరోజు పాఠం చదవలేదని బెత్తంతో కొట్టాను. ఏడవలేదు. "అర్థం కాలే టీచరమ్మా," అంది, అంతే.

ఆ సాయంత్రమే అఖ్తర్ బీకి ఉన్నదంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది:

"నా బిడ్డకు రెండూ కావల్ల టీచరమ్మా. వాళ్ల అబ్బా బొంబాయి నుంచి రాసే జాబు ఉర్దూలో సదవల్ల. తాలూకాఫీసులో అర్జీ తెలుగులో రాయల్ల. ఒకటి ఇడ్సిపెట్టమని ఎందుకు అడిగినారు?"

ఆ రాత్రే నా తప్పంతా రాసి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పేర కవరులో పెట్టాను. నీ అల్లుడు చదివి, "ఉద్యోగానికి ముప్పేమో," అన్నాడు. అయినా పోస్టులో వేసి వచ్చింది ఆయనే.

ఇన్‌స్పెక్టరు వచ్చి విచారించాడు. జైబున్నీసా పేరు మళ్లీ ఉర్దూ తరగతికి మారింది, నూరుల్లా సారు తిరిగి వచ్చారు. రోజూ ఒక గంట ఆ పదిమందికి నేను తెలుగు చెబుతున్నాను. మొన్న జైబున్నీసా నా చేత నా పేరు ఉర్దూలో రాయించి, రెండు తప్పులు దిద్దింది.

నన్ను మాత్రం మీ ఊరి దగ్గరి వేంపల్లెకు మార్చారు. వచ్చే సోమవారం చేరాలి. ఇక ఆదివారాలు నీ దగ్గరికి రావచ్చు. చర్చిలో ఎవరైనా "మీ రత్నమణిని ఎందుకు మార్చినారు?" అని అడిగితే, దాచకుండా చెప్పు అమ్మా.

ఇట్లు,
నీ పెద్దకూతురు
రత్నమణి