ఉప్పుమడిలో వైరస్

మే 14, 2018

దొరికింది!

ల్యాబులో ప్లేటు నిండా ఎర్రగా పరుచుకున్న ఆర్కియా. మధ్యలో ఆవగింజంత ఖాళీలు, పదకొండు. అక్కడ ఏదో వాటిని చంపుతోంది. వైరస్. రెండేళ్ళుగా నౌపడ ఉప్పుమడుల నుంచి సీసాలు మోసింది దీనికోసమే.

ఆర్కియా అంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాక్టీరియాలా కనబడుతుంది, కానీ కాదు. ఇంకేదీ బతకలేనంత ఉప్పులో బతుకుతుంది. ఎండాకాలం మడులు గులాబీ రంగుకు తిరిగేది దానివల్లే. దాన్ని చంపే వైరస్ మనిషిని ఏమీ చేయలేదు.

ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. కూర్మమ్మ మడి ఫోటో, కింద "నౌపడ ఉప్పులో కొత్త వైరస్ దొరికింది". నన్ను మడిలోకి దిగనిచ్చింది ఆవిడే. కృతజ్ఞతగా పేరు కూడా రాశాను.

మే 21

కేరళలో నిపా వైరస్. టీవీ నిండా అదే. గబ్బిలాలు కొరికిన పళ్ళతో వస్తుందని అమ్మ మామిడిపళ్ళు కొనడం మానేసింది.

మే 23

నా పోస్టు స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో తిరుగుతోంది. నా పేరు కత్తిరించేశారు. కూర్మమ్మ పేరు ఉంచారు. "ఈ ఉప్పు తినకండి, అందరికీ పంపండి" అని ఎవరో చేర్చారు. మా ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. పిన్ని పంపింది.

ఆర్కియా అన్న మాట నేను పోస్టులో రాయనే లేదు. ఎందుకు రాయలేదు?

మే 24, ఉదయం 7

కూర్మమ్మ ఫోన్. "ఏటి పాపా, నా ఉప్పు మీద ఏటి రాసినావు? లారీవోడు సూసి ఎలిపోనాడు."

వానలు దిగేలోగా కుప్ప కదలాలి. తాటాకు కప్పితే తుంపరకు ఆగుతుంది, వానకు ఆగదు. ఆవిడ ఏడాది కష్టమంతా ఆ కుప్పే. నేను సారీ అన్నాను. ఆవిడకి ఆ మాట దేనికి?

సాయంత్రం

మా పీహెచ్‌డీ గైడ్ జగన్నాధం సార్ పోస్టు తీసేయమన్నారు. పేపరు వాళ్ళతో మాట్లాడొద్దట, వచ్చే నెల నా ఫెలోషిప్ రెన్యూవల్ ఉందట. ఉప్పుతో ప్రమాదం లేదనే యూనివర్సిటీ ప్రకటన కోసం ఫైలు పెడతానన్నారు. ఎప్పటికి వస్తుందని అడిగాను. కళ్ళజోడు తుడుచుకున్నారు.

తీసేశాను. ఇప్పుడు తీసి ఏం లాభం?

మే 26

ఆమదాలవలస. గణపతిరావు మావయ్య కొట్టు. కూర్మమ్మ ఉప్పు కొని, కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే వాళ్ళకు పంపేది ఆయనే. మడి దగ్గర నన్ను పరిచయం చేసిందీ ఆయనే.

"నాకు భయం లేదే సింధూరీ. కొనేవాడికుంటే నేనేటి సెయ్యను?"

నన్ను ఆ చేపలవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. సార్‌కి చెప్పలేదు.

మే 28

కళింగపట్నం. చేపలు ఎండబెట్టే దిబ్బ గంగులుది. అతనూ, ఇరవైమంది ఆడవాళ్ళూ. అరగంట మాట్లాడాను. ఒకావిడ నాకు దూరం జరిగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మావయ్య తెచ్చిన ఉప్పు గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాను. ఎవరూ కదల్లేదు.

అప్పుడు గంగులు అడిగాడు. "నీ వైరసు సంపీది దేన్ని?"

ఉప్పునీళ్ళలో ఎర్రదాన్ని, అన్నాను.

"ముసురు పడితే ఎండుసేపలకి ఎర్ర పట్టీది... అదేనా?"

తల ఊపాను. అదే జాతి. చదివాను. కానీ ఈ దిబ్బ గురించి ఏనాడూ ఆలోచించలేదు.

"అయితే ఈ ఉప్పేస్తే ఎర్ర పట్టదా?"

ఆడవాళ్ళంతా నావైపు తిరిగారు. మావయ్య కూడా. అవునంటే చాలు, కుప్పంతా కదిలిపోతుంది. సముద్రం మీద మబ్బు నల్లగా ఉంది. అవును అనే మాట నాలుక మీదికి వచ్చింది. నిజంగా వచ్చింది.

తెలీదన్నాను. ప్లేటు మీద ఒక్క రకాన్ని చంపింది, చేప మీద నేను చూడలేదు అన్నాను.

మావయ్య మొహం తిప్పుకున్నాడు. గంగులు ఉప్పు చేతిలోకి తీసుకుని చాలాసేపు నలిపాడు.

"అబద్దమాడితే అమ్ముడుపోయీది కదా, ఎందుకాడలేదు?"

గంగులు మావయ్యవైపు తిరిగాడు.

"సగం పంపండి. ముందు నా ఇంట్లో వండిస్తాను. తరవాతే సేపలకి."

జూన్ 2

కుప్పలో సగం లారీకెక్కింది. నేనూ గంపలు ఎత్తాను. అరచేతులు కోసుకుపోయాయి, ఉప్పు తగిలి మంట. కూర్మమ్మ నావైపు చూడలేదు. ఖాళీ గంప మాత్రం నా ముందుకే విసిరింది.

జూన్ 6

వాన. కూర్మమ్మకి రెండుసార్లు ఫోన్ చేశాను, తీయలేదు. మూడోసారి తీసింది.

"కరుగుతన్నాది" అంది.

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. తాటాకుల మీద వాన చప్పుడు చాలాసేపు విన్నాను.

జూన్ 29

గంగులు ఫోన్ చేశాడు. ఎవరికీ ఏ జబ్బూ రాలేదట. ఎండుచేపలకు మాత్రం ఎప్పట్లాగే ఎర్ర పట్టిందట. నా వైరస్ ఏమీ చేయలేదు. నువ్వు అబద్ధం చెప్పలేదు అన్నాడు. వచ్చే ఏడూ ఆ ఉప్పే తీసుకుంటాడట.

యూనివర్సిటీ ప్రకటన ఇవాళ వచ్చింది. ఇంగ్లీషులో, నాలుగు లైన్లు.

డిసెంబరు 27

కూర్మమ్మ ఫోన్. అక్టోబరులో తిత్లీ తుఫానుకు మడుల్లోకి కొట్టుకొచ్చిన బురద ఇంకా తీయలేదట. తీసి, అడుగు గట్టిపడేదాకా కాళ్ళతో తొక్కాలి. మనుషులు చాలడం లేదు.

"వస్తావేటి?" అంది.

రేపు ఉదయం ప్యాసింజర్‌కి వెళ్తున్నాను.