బెంగళూరు చుక్కల మందు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. దీపం పెట్టి, నిన్ను తలుచుకుని ఇది రాస్తున్నాను.

పత్తి తీస్తుంటే నీ భార్య కంట్లో పుల్ల గీసుకుంది, అప్పుడు నీకు గీసుకున్నట్టే. వారం దాచింది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వచ్చాక నిన్న చూశాను.

"ఏమే, చెప్పవేంది?"

"చెప్తే నువ్వు మళ్లీ చుక్కలేస్తావని, వదినా."

బెంగళూరులో మా అమ్మాయికి కంటి పుండు నయమైందని, తను వాడగా మిగిలిన చుక్కల మందు నీ కంట్లో వేసింది నేనే. ఆ కంటి చూపు పోయింది. రోడ్డు దాటుతుంటే లారీ ఆ పక్కనుంచే వచ్చింది.

నరసరావుపేటలో డాక్టరమ్మ మరదలి కంటి మచ్చను గీకి పరీక్ష చేసింది. అప్పటి మందు సంగతీ, మా అమ్మాయి కళ్లజోడుకు బదులు కంట్లో పెట్టుకునే లెన్సుల సంగతీ చెప్పాను.

"మీ అమ్మాయికి లెన్సుల వల్ల పట్టింది బాక్టీరియా. మన చేలల్లో పుల్ల గుచ్చుకుంటే ఎక్కువగా పట్టేది బూజమ్మా, ఫంగసు. దాని మందు దీనికి పనిచేయదు."

మరదలి కన్ను నిలవచ్చట. గంటకోసారి చుక్కలు పక్కింటి పిన్నితో వేయించుకుంటోంది. నేను గడియారం చూసి వేళ మాత్రం చెబుతున్నాను.

పెద్దక్క