తొవ్వ ఇడిచిండ్రు అక్కా

సికింద్రాబాద్

కల్పలతక్కకు తమ్ముడు రాస్తున్నది.

పోయినేడు బాంబు పేలిన రోజు సర్కారు ఎంత తయారుగ ఉన్నదో విచారించే కమిటీ ముందుకు నువ్వు రానన్నవు కదా. నీ బదులు నేను పోయిన.

ఆ రోజు మా బజార్ల పోలీసులు రెండు దిక్కుల తొవ్వ మూసిండ్రని, దెబ్బలు తాకిన లక్ష్మణ్ బావను దవాఖానకు ఎక్కించుకున్న ఆటోను సుత ఆపిండ్రని, నువ్వెంత బతిమాలినా ఇడువలేదని చెప్పిన. బావ ఆటోలనే పాణం ఇడిచిండని సుత చెప్పిన.

పోలీసుల తరఫున వచ్చిన పెద్ద ఆఫీసర్ లేచిండు. అబద్ధమంటడేమో అనుకున్న.

"నిజమే మేడం. తొవ్వ మూయమని మాకు ఆర్డర్ ఉండె. దెబ్బలు తాకినోళ్లను పోనియ్యాలని మాత్రం ఎక్కడా లేకుండె," అన్నడు.

కమిటీకి పెద్ద రిటైర్డ్ జడ్జమ్మ. అన్నిటికన్న ముందు అదే మార్చాలన్నది.

మొన్న ఆదివారం పోలీసులు మా బజార్ల బాంబు పేలినట్టు డ్రిల్ చేసి చూసిండ్రు. తొవ్వంత మూసినా, ఒక పక్కకు తాళ్లు కట్టి ఖాళీగ ఉంచిండ్రు. అంబులెన్స్ యాడా ఆగకుంట పోయింది అక్కా. మా షాపు ముందల నిలబడి ఏడ్చిన. కానీ పాణం జెర తేలికైంది.

జడ్జమ్మ నీ మాట సుత వింటనన్నది. కొత్త ఆర్డర్ రాసేముందు, ఆటో కాడ నువ్వు పోలీసులను ఏమడిగినవో నీ నోటితోనే వినాలంటున్నది. నీకు భయమైతే పక్కకే కూసుంట. శనివారం పొద్దుగాల బస్సెక్కు. జూబ్లీ బస్‌స్టేషన్ల నీ కోసం చూస్తుంట.

నీ తమ్ముడు