తోటకూర తిన్న గినీపందులు

రంగూన్,
1926 జులై 9

అన్న అచ్చెన్నకు తమ్ముడు బుల్లియ్య దణ్ణాలు.

నది అవతల దలా మిల్లులో నీ కింద పనిచేసే మనవాళ్లకు ప్లేగు సూదులు వేయిస్తానని మాట ఇచ్చావట. ఆపు. ఎందుకో చెప్తాను.

ఆ సూదిమందు చేసే మా ప్రయోగశాలలో కొత్త మందును ముందుగా కుందేలు పిల్లల్లాంటి గినీపందులకు పొడుస్తారు. ఏడు రోజులు కొలిచిన మేతే పెట్టి, రోజూ తూస్తారు. బరువు తగ్గితే ఆ మందు పనికిరాదు. మేత పెట్టడం, తూయడం నా పని. ఈ ముసురులో ఆ గదిలో కూర్చుంటే బయట లోకం ఉందో లేదో తెలియదు. అవి గడ్డి నమిలే చప్పుడు నిద్రలో విన్న వానలా ఉంటుంది. మూడో రోజున రెండు పందులు బొచ్చు లేపుకొని ముడుచుకుపోయాయి. మేత ముట్టలేదు. నా కూరకని తెచ్చుకున్న లేత తోటకూర మూతి దగ్గర పెడితే తిన్నాయి. తరువాత రోజూ పెట్టాను. తక్కెడలో బరువు నిలిచింది. డాక్టరు గారు మందు మంచిదని రాశారు. సీసాలు మీ మిల్లుకు బయలుదేరాక గాని నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే పని పోతుంది.

నీ తమ్ముడు,
బుల్లియ్య

దలా,
జులై 12

తమ్ముడు బుల్లియ్యకు దీవెనలు.

సీసాలు నీ ఉత్తరం కంటే ముందు వచ్చాయి. జనం వెనకాడుతుంటే, మా తమ్ముడు చూసిన మందని చెప్పి ముందు నేనే చేయి చాపాను. మర్నాడు నీ ఉత్తరం అందింది. తక్కినవాళ్లను ఆపాను.

మూడు రోజులుగా జ్వరం. చేయి లేవదు. కళ్లు మూస్తే మంచం నదిలో తేలిపోతున్నట్టుంటుంది. గట్టున అమ్మ నా వెంట నడుస్తూ వస్తుంది. పక్కింటి చిలకమ్మ జావ తెచ్చి, "ఏటి మేస్త్రీ, పందులకేమో తోటకూరా, నీకేమో జొరమా? నీ తమ్ముడికి అన్న కంటే అవే ఎక్కువేటి?" అంది. నవ్వొచ్చింది. నవ్వితే చేయి నొప్పి.

ఆ సీసాలు ఇంకెన్ని చోట్లకు వెళ్లాయో నీకు తెలుసా? ఈ ఉత్తరం అందిన పూటే డాక్టరు గారికి చెప్పు. పని పోతే మిల్లులో బస్తాలు మోద్దువుగాని. చెప్పకుండా నా గుమ్మం ఎక్కకు.

అచ్చెన్న

రంగూన్,
జులై 28

అన్నకు దణ్ణాలు.

ఆ పూటే చెప్పాను. డాక్టరు గారు సీసాలన్నీ వెనక్కి రప్పించి, అదే మందు ఆరు కొత్త పందులకు పొడిచారు. "మేత నువ్వే పెట్టు" అన్నారు. కొలిచినంతే పెట్టాను. అవి నా చేతి వాసనకు చువ్వల దగ్గరకు వచ్చేవి. నేను కదలకుండా కూర్చునేవాణ్ని. నాలుగు బరువు తగ్గాయి. ఒకటి చచ్చింది. పోయిన వారం ఆ మందంతా పారబోశారు.

నీకు జ్వరం దిగిందని, మిల్లుకు వెళుతున్నావని పడవ నడిపే అప్పలస్వామి చెప్పాడు. ఆ మాట విన్నాక రేవు మెట్ల మీద కూర్చుండిపోయాను. నది పారుతున్నట్టే లేదు.

ఇప్పుడు వేరే మందు చూస్తున్నాం. ఇవాళ అయిదో రోజు. బరువు తగ్గలేదు. ఇలాగే నిలిస్తే ఆదివారం దలాకు వస్తుంది, దానితో నేనూ వస్తాను. నేను చేసింది మనవాళ్లందరికీ చెప్పి, ముందు నేను వేయించుకుంటాను. మూడు రోజులు మీ ఇంట్లోనే పడుకుంటాను. నా ఒంటికి ఏమవుతుందో వాళ్లే వచ్చి చూసుకోవచ్చు. ఆ తరువాత ఎవరి ఇష్టం వాళ్లది.

తమ్ముడు,
బుల్లియ్య