అమ్మకొకటి, నాన్నకొకటి

రాజమండ్రి,
నవంబరు 12

ప్రియమైన నాన్నగారికి,

ఆదివారం వార్డెన్ గారి ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనకాల లైనంతా తొందరపెట్టేసింది. మీరు "ఆఁ తల్లీ, ఆఁ" అనేలోపే అయిపోయింది. అందుకే ఉత్తరం రాస్తున్నానండి.

మొన్న యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ వచ్చారు. అమ్మానాన్నలు తమని స్వేచ్ఛగా ఉండనిస్తున్నారని పిల్లలు అనుకుంటున్నారా, గుప్పిట్లో పెట్టుకుంటున్నారని అనుకుంటున్నారా, అది కొలుస్తారట. 'నా నిర్ణయాలు నన్ను తీసుకోనిస్తారు', 'తాము చెప్పిందే జరగాలంటారు', ఇలాంటి వాక్యాలు. ఎంత నిజమో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వెయ్యాలి. ప్రతిదానికీ అమ్మకొకటి, నాన్నకొకటి.

ఇంకో సంగతి. ఇంటర్ అయ్యాక నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి వెళ్లాలా, ఫిషరీస్ డిగ్రీలో చేరాలా? నాకు ఫిషరీసే ఇష్టం. మీరేమంటారు?

మీ జవాబు కోసం చూస్తూ,
శ్రీసత్య

కాళ్ళ,
నవంబరు 20

ప్రియమైన తల్లికి,

ఇక్కడ మన రొయ్యల చెరువుల మీద మంచు దిగుతోంది. వంటకి పెట్టుకున్న పెద్దింట్లమ్మ వండిపెట్టి వెళుతోంది. తినేది నేనొక్కణ్ణేగా, సగం మిగిలిపోతోంది.

చదువు సంగతి నీ ఇష్టం తల్లీ. నీకేది నచ్చితే అదే.

ఆ మేడమ్ గారి కాగితంలో నాకెంత వేశావు? మా నాన్నగారు నన్ను డిగ్రీ మధ్యలో మాన్పించి చెరువు గట్టున నిలబెట్టారు. నా బిడ్డ విషయంలో అలా ఉండకూడదని పెళ్లైన కొత్తలోనే మీ అమ్మతో అన్నాను.

ఆశీస్సులతో,
మీ నాన్న

కాళ్ళ,
డిసెంబరు 8

ప్రియమైన తల్లికి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే మీ రూమ్మేట్ హారతి వచ్చి "తను చదువుకుంటోందండి" అని పెట్టేసింది. నాకు తక్కువ వేశానని మొహమాటపడుతున్నావా? ఎంతేసినా నేనేమీ అనుకోను. ఒక్క ముక్క రాయి.

మీ నాన్న

రాజమండ్రి,
డిసెంబరు 15

నాన్నగారండీ,

మీకు తక్కువ వెయ్యలేదు. స్వేచ్ఛ గురించిన వాక్యాలన్నిటికీ ఏడే వేశాను. అది నిజమే కదా. హాస్టలన్నా, గ్రూపన్నా, జుట్టు కత్తిరించుకుంటానన్నా మీరు "నీ ఇష్టం" అన్నారు.

అమ్మ చనిపోయిందని చెబితే, ఆ మేడమ్ "అమ్మ భాగం వదిలెయ్యమ్మా" అన్నారు. నేను వదల్లేదు. అమ్మ ఉన్నట్టే నింపాను. తను చెప్పిందే జరగాలనేది కదా, దానికీ ఏడు వేశాను. నా స్నేహితుల్ని కూడా తనే ఎంచేది. ఎంత ఏడ్చేదాన్నో! మళ్లీ అలా ఉండాలని నాకు లేదు. కానీ నేను అలిగి అన్నం మానేస్తే, ఎందుకో చెప్పేదాకా నా ఎదురుగా కూర్చునేది.

'నా మనసులో మాట వింటారు' అన్నచోట మీ గడి ఖాళీగా వదిలేశాను. ఏం వెయ్యాలో తెలియలేదండి. ఫిషరీస్ ఎందుకమ్మా అని అడుగుతారనుకున్నాను. మీ జవాబు చదువుతున్నప్పుడు గదినిండా మనుషులున్నారు, నాకు మాత్రం ఎవరూ లేరనిపించింది.

లాంగ్‌టర్మ్‌కి పేరిచ్చేశాను. ఏదైతేనేం.

శ్రీసత్య

కాళ్ళ,
డిసెంబరు 21

ప్రియమైన శ్రీసత్యకి,

నువ్వు ఫిషరీస్ చదవడం నాకు ఇష్టం లేదు.

నా మాట చెబితే అదే నీ మెడకి చుట్టుకుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. పోయిన నెల, మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే నీళ్లలోంచి ఎత్తి చూస్తే రొయ్యలు ఎర్రబడి, పెంకుల మీద తెల్లమచ్చలు. పెద్ద చెరువు మొత్తం పోయింది. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కూర్చుండిపోయాను. చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. ఏదో ఒకరోజు నువ్వూ అలా కూర్చోవాల్సొస్తుందేమోనని నా భయం.

ఇది నా మాట. మరి నీకెందుకు ఫిషరీస్ కావాలనిపించింది? అది నాకు తెలియదు, తెలుసుకోవాలనుంది. నువ్విచ్చిన పేరు నేను తీయించను, ఉంచమనీ చెప్పను. జనవరి మొదటి ఆదివారం నిడదవోలు మీదుగా రైల్లో వస్తున్నాను. ఫోన్‌లో కాదు, నా ఎదురుగా కూర్చుని చెప్పు.

మీ నాన్న

రాజమండ్రి,
డిసెంబరు 26

ప్రియమైన నాన్నగారికి,

నాకు చాలా కోపంగా ఉందండి. చెరువు పోయిన సంగతి ఇప్పుడా చెప్పడం? అంత కష్టాన్ని ఒక్కరే పెట్టుకుని కూర్చుంటారా?

చిన్నప్పట్నుంచీ వింటున్న ఆ తెల్లమచ్చ తెగుల్ని రొయ్యపిల్ల దశలోనే ఎలా పట్టుకోవాలో నేర్చుకుందామనే నాకు ఫిషరీస్ కావాలనిపించింది. మీరు భయపడుతున్నారని నేను మానను. లాంగ్‌టర్మ్ జాబితాలో నా పేరు కొట్టేయించేశాను.

ఆదివారం తప్పకుండా రండి. విజిటర్స్ గదిలో గంటే ఉండనిస్తారు, మనకది చాలదు. పర్మిషన్ తీసుకుంటాను, పుష్కరాల రేవు దగ్గర కూర్చుందాం. నేను చెప్పేదానికి మీరు కాదనండి. ఊరికే ఒప్పేసుకోకండి.

మీ మాట ఒప్పుకోని
మీ కూతురు
శ్రీసత్య