పుస్తకంలో రాయని ఆయాసం

శంకర్ నగర్, 12 మే 1994

కోడలు సుజాతకు క్యాన్సర్ మందు మొదలైనప్పటి నుంచి ఆమె బాధలన్నీ తేదీలతో నేనే పుస్తకంలో రాస్తున్నాను. డాక్టరు అది చూశాకే మళ్లీ ఆ ఎర్రటి మందు ఎక్కిస్తాడు. వాంతులు రాశాను, జ్వరం రాశాను. మేడ మీద వడియాలు పెట్టమంటే "ఆయాసం అత్తయ్యా" అనేది. "పని చెబితేనే వస్తుందా నీకు ఆయాసం?" అన్నాను. అది మాత్రం రాయలేదు.

ఆ ఎర్రమందు గుండెను పాడుచేసిందనీ, ఇక బాగుపడటం కష్టమనీ ఈరోజు డాక్టరు చెప్పాడు. పుస్తకమంతా తిరగేసి, "అమ్మా, ఆయాసం సంగతి తెలిసుంటే మందు అప్పుడే ఆపేసేవాణ్ణి" అన్నాడు.

ఇంటికొచ్చాక సుజాత మొదటి మెట్టు మీదే కూలబడి నవ్వింది. "ఇప్పుడు రాసుకోండి అత్తయ్యా. దొంగ ఆయాసం అని రాయండి."

పాత పేజీల్లో ఖాళీ కోసం వెతికాను. ఒక్క మాటకైనా ఎక్కడా చోటు వదల్లేదు నేను.