వరండాలో నీలం గిన్నె

జూన్ 9, సోమవారం
భర్త శేఖర్ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండలేక చెల్లెలు సరళ నాంపల్లికి, నా దగ్గరికి వచ్చేసింది. బట్టల సంచులు, ఒక నీలం గిన్నె. లోపల ఇనుము, పైన గాజులా మెరిసే పూత. ఎత్తితే చెయ్యి లాగుతుంది. ఆదివారాలు శేఖర్ అందులోనే మటన్ వండేవాడు. అందుకని వంటింట్లోకి రానివ్వలేదు, వరండాలో పెట్టించాను.
సరళ కూడా అక్కడే కూర్చుని తింటోంది...

జూన్ 11
కాచిగూడలో కిరాయి గది చూసి వచ్చిందట. "నీకెందుకక్కా తక్లీఫ్. నీ పూజలు నీకున్నయ్, నా గిన్నె నాకున్నది."
ఉండమనే మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

జూన్ 13, శుక్రవారం
పూజ అయింది. సరళ అబిడ్స్ వెళ్లింది. గిన్నెను లోపలికి తెచ్చాను. ఇనుముకు నిప్పే స్నానం అనేది అమ్మ. ఖాళీ గిన్నె, పెద్ద మంట. బాగా కాలాక పసుపు నీళ్లు చల్లాను.
టప్పున చప్పుడు. అంచు మీద గోరంత పూత ఎగిరిపోయింది. కింద నల్లటి ఇనుము.
స్వామీ, మంచికే కదా...

సాయంత్రం.
దాచలేదు, సరళ రాగానే చూపించాను. పూత ఊడినచోట వేలితో తడిమింది.
"ఖాళీది కాలుస్తరా ఎవరన్న? వేడి మీద చల్లనీళ్లు పోస్తరా? పైన గాజు లెక్క ఉంటదక్కా."
"శుద్ధి చేసి లోపల పెడదామని..."
"లోపలనా? నీ వంటింట్లనా?"
తల ఊపాను.
"శేఖర్ ఉంటే ఏమనెటోడో ఎర్కేనా? వదినె నా గిన్నెకు గూడ మడి కట్టిచ్చింది అనెటోడు."
నవ్వింది. ఇక్కడికి వచ్చాక మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది.

జూన్ 14
ఇవాళ నాకు గిన్నె కడగడం నేర్పింది. ముందు చల్లారనివ్వాలి. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజి. స్టీలు పీచు తగలకూడదు. అడుగంటితే తినే సోడా వేసి నీళ్లు కాచాలి. తడి లేకుండా తుడిచి, పూత ఊడినచోట నూనె చుక్క — లేకపోతే తుప్పు. "లోపల మంచిగనే ఉన్నదక్కా. ఫికర్ జేయకు."
బేగం బజార్ వెళ్లి చెక్క గరిటె తెచ్చాను. తను అడగలేదు.

జూన్ 15, ఆదివారం
దీపం పెట్టాక, వేలికి మిగిలిన నువ్వుల నూనె గిన్నె అంచుకు రాశాను. దేవుడి గది తలుపు వేసి, మటన్ వండుకో అన్నాను.
"ఇయ్యాల టమాట పప్పే. నువ్వు గూడ తినాలె గద."
నీలం గిన్నెలోనే వండింది. వంటింట్లోనే, ఇద్దరం, కింద కూర్చుని తిన్నాం. ఉప్పు ఎక్కువైంది. మళ్లీ వడ్డించుకున్నాను.
తింటుండగా కాచిగూడ గదివాళ్ల ఫోన్. "రేపు చెప్త," అంది.
ఉంటావా, అని అడగబోయాను... కడుగుదామని గిన్నె ముట్టుకుంటే ఇంకా వేడి.
నీళ్లు పోయలేదు. చల్లారనిద్దామని పక్కన కూర్చున్నాను.